మన ఇంటి గది – మనం వినే మాట
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఉగాది పచ్చడి తిని, పంచాంగ శ్రవణం చేసి కూర్చున్న ఈ సభలో మేము ఎత్తుకొన్న విషయం కొందరికి విడ్డూరంగా తోచవచ్చును. ఇంట్లో పాటలు వినడానికి స్టీరియో సెట్టు కొనుక్కొనే వారందరూ ఆ సెట్టు మంచిదా, కాదా అని పదిమందిని అడుగుతారు. ఆ సెట్టును పెట్టబోయే గది మంచిదా, కాదా అని ఒక్కరూ అడగరు. మేమూ అడగలేదు. అందువల్ల పడిన అవస్థను, దానినుంచి బయటపడిన తీరును ఇప్పుడు మనవి చేస్తాము. మేము ఇంజనీర్లము కాము. చేతులు కాల్చుకొని నేర్చుకొన్నవారము మాత్రమే.

మా కాపురం బంధుగాంలోనే అని మీకు తెలుసును. 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకు ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. ఆనాడు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి సరిహద్దు గీత పడ్డది. ఇక్కడి తెలుగువారిలో కొందరు వ్యాపారానికో ఉద్యోగానికో పార్వతీపురం వైపునుంచి వలస వచ్చినవారు. మరికొందరి సంగతి చూస్తే, వారు కదలలేదు, సరిహద్దే వారిని దాటి వెళ్ళినది. ఎవరు ఎలా వచ్చినా, మన పిల్లలు బడిలో చదివేది ఒడియా. తెలుగు వారికి చెవి ద్వారా రావలసిన భాష. ఈ ఒక్క మాట మనస్సులో ఉంచుకోండి. చివరకు మేము వచ్చేది అక్కడికే.

కొన్ని సంవత్సరాల క్రిందట మా మట్టిగోడల పెంకుటిల్లు పడగొట్టి శ్లాబు ఇల్లు కట్టుకొన్నాము. ముందు గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. సిమెంటు గోడలు అద్దంలా నున్నగా తీయించాము. నేలకు మెరిసే టైల్సు వేయించాము. గోడకు గాజు తలుపుల బీరువా పెట్టించాము. ఆపైన విశాఖపట్నం వెళ్ళి, రెండు స్పీకరు పెట్టెలు ఉన్న స్టీరియో సెట్టు తెచ్చి ఆ గదిలో ప్రతిష్ఠించాము.

మొదట వేసినది సినిమా పాట కాదు. మా నాన్నగారి క్యాసెట్టు. ఆయన పోతనగారి పద్యాలు చదివి అర్థం చెబుతూ ఉండగా, పాత ఇంటి వసారాలో మా తమ్ముడు రికార్డు చేసినది. నాన్నగారు ఇప్పుడు లేరు. ఆ గొంతు మిగిలినది ఆ క్యాసెట్టులోనే. అమ్మ వచ్చి పీట వేసుకొని కూర్చున్నది. రెండు నిముషాలు విని, "నాయనా, మీ నాన్నగారు నూతిలోనుంచి మాట్లాడుతున్నట్టున్నది. గొంతు ఆయనదే, మాట తెలియడం లేదు" అన్నది. మా మనుమరాలికి అప్పుడు ఆరేళ్ళు. అది మరి కొంచెంసేపు విని, "తాతగారు ఏ భాష మాట్లాడుతున్నారు?" అని అడిగినది.

ఆ ప్రశ్నకు మేము ఏమి జవాబు చెప్పగలము? తప్పు సెట్టుదే అనుకొన్నాము. అమ్మినవారిని నాలుగు మాటలన్నాము. తీగలు మార్చాము. ఇంకా పెద్ద ఆంప్లిఫయరు కొన్నాము. శబ్దం పెరిగినది, అస్పష్టత కూడా దానితోపాటే పెరిగినది. చివరకు విసిగి, ఆ సెట్టును మా మేనమామగారి పెంకుటింటికి మోసుకొనిపోయి వేసి చూశాము. అదే సెట్టు, అదే క్యాసెట్టు. ప్రతి అక్షరం ముత్యంలా వినవచ్చినది! అప్పుడు తెలిసినది, తప్పు పెట్టెది కాదు, మేము ముచ్చటపడి కట్టుకొన్న గదిది.

దీనికి కారణమేమిటో కొంచెం విచారిద్దాము. శబ్దం గాలిలో సెకండుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. 12 అడుగుల గదిలో అది సెకండులో నూరుసార్ల దాకా గోడలకు కొట్టుకొంటుంది. గోడ మెత్తనిదైతే కొట్టుకొన్నప్పుడల్లా కొంత శబ్దం ఇంకిపోతుంది. నున్నని సిమెంటు గోడ అయితే నూటికి రెండు మూడు వంతులు మాత్రమే ఇంకి, మిగిలినదంతా వెనక్కు వస్తుంది. అందువల్ల పలికిన మాట ఆగిపోయినా గది ఆగదు, అది మోగుతూనే ఉంటుంది. కొత్తగా సున్నం వేసి, సామాను చేర్చని ఇంట్లో మాట్లాడితే మన గొంతు మనకే గంభీరంగా తోచడం అందరికీ అనుభవమే గదా! ఆ గంభీరమే పాటకు శత్రువు.

ఈ మ్రోతను మొట్టమొదట లెక్కకట్టినవాడు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన వాలెస్ క్లెమెంట్ సాబైన్. అక్కడ ఫాగ్ కళా ప్రదర్శనశాలకు కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో ఎవరు మాట్లాడినా ఎవరికీ అర్థం కాలేదట. 1895లో ఆ పని సాబైన్‌కు అప్పగించారు. ఆయన దగ్గర పెద్ద యంత్రాలేమీ లేవు. ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం, తన చెవి, అంతే. మాట ఆగిన తర్వాత ఆ మందిరం అయిదున్నర సెకండ్లు మోగుతున్నదని తేల్చాడు. అయిదున్నర సెకండ్లలో ఒక వక్త పదిహేను మాటలు పలుకుతాడు. అనగా, పదిహేనవ మాట పలికేనాటికి మొదటి మాట ఇంకా గాలిలోనే ఉన్నదన్నమాట! ఆయన రాత్రివేళ పక్కనున్న నాటకశాలనుంచి కుర్చీల మెత్తలు మోయించుకొనివచ్చి, పరచినకొద్దీ మ్రోత ఎంత తగ్గుతున్నదో కొలిచాడు. ఆ కొలతలనుంచే సూత్రం పుట్టినది. 1900లో తెరచిన బోస్టన్ సంగీత మందిరం ఆయన లెక్కలతో కట్టినదే.

ఆ సూత్రం మన ఇంటికీ పనికివస్తుంది. గది ఘనపుటడుగులను 0.049తో గుణించి, గదిలోని శోషణం చేత భాగిస్తే మ్రోత ఎన్ని సెకండ్లో వస్తుంది. శోషణం అనగా శబ్దాన్ని పీల్చే శక్తి. దానికి సాబైన్ పెట్టిన కొలమానం మనకు ఇట్టే అర్థమౌతుంది. తెరచిన కిటికీ ఒక చదరపు అడుగు ఒక పాలు. ఎందుచేతనంటే, తెరచిన కిటికీకి తగిలిన శబ్దం బయటకు పోవడమేగాని తిరిగి రావడమంటూ ఉండదు.

మా గది లెక్క వేసి చూపుతాము. ఘనపరిమాణం 1,200 ఘనపుటడుగులు. గోడలు, నేల, శ్లాబు కలిపి 680 చదరపు అడుగులు. నూటికి మూడు వంతులు పీలిస్తే శోషణం 20 పాళ్ళు. తలుపులన్నీ మూస్తే మ్రోత దగ్గరదగ్గర మూడు సెకండ్లు! ఇంట్లో పాట వినడానికి అర సెకండు, దానికి కొంచెం అటూ ఇటూ ఉంటే చాలును. ఇప్పుడు 20 చదరపు అడుగుల వాకిలి, 12 చదరపు అడుగుల కిటికీ తెరవండి. శోషణం 52 పాళ్ళకు పెరిగి, మ్రోత ఒక సెకండు పైచిలుకుకు దిగుతుంది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల దూది పరుపులు రెండు గోడలకు ఆనించండి. ఇంచుమించు మరి 29 పాళ్ళు. నలుగురు మనుషులు వచ్చి కూర్చుంటే మరి 18 పాళ్ళు. మొత్తం 99. మ్రోత 0.6 సెకండుకు వచ్చినది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. అతిథులు కూడా ఒక విధమైన పరుపులేనని సాబైన్‌గారి వల్ల తెలిసినది!

ఇక మా మేనమామగారి ఇల్లు ఎందుకు బాగా పలికినదో వేరే చెప్పనక్కరలేదు. ఏటవాలు కప్పు, ఒకదానికొకటి ఎదురుబొదురుగా లేని తలాలు, పెంకుల మధ్య వందల సందులు, అటకమీద సామాను, మూలను ధాన్యం బస్తాలు. ఆ సందులు ఒక్కొక్కటీ ఒక చిన్న తెరచిన కిటికీయే. మన పెద్దలు సంగీతం కోసమని పెంకుటిళ్ళు కట్టలేదు, కాని ఆ ఇళ్ళలో మాట నిలిచినది.

శబ్దశాస్త్రమంటే ఎక్కడో పడమటి దేశాల సొత్తు అనుకోనవసరం లేదు. సర్ సి. వి. రామన్ బాల్యం విశాఖపట్నంలో గడచినది. ఆయన తండ్రిగారు అక్కడి కళాశాలలో అధ్యాపకులు. రామన్ వెలుగును గురించి పరిశోధించి నోబెల్ బహుమానం పొందకముందే, మన మృదంగం తక్కిన చర్మవాద్యాలవలె గాక శ్రుతిబద్ధంగా ఎందుకు పలుకుతుందో 1920లో వివరించారు. బిజాపురంలోని గోల్ గుంబజులో గోడవారన గుసగుసలాడితే అవతలి ప్రక్కకు ఎలా వినబడుతుందో శోధించారు. గోలకొండ కోట ఫతే దర్వాజాలో చప్పట్లు కొడితే బాలాహిస్సారుకు వినబడడం మనలో చాలామంది చూసినదే. ఇంకా దగ్గరగా చెప్పాలంటే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని సైన్సు కళాశాల మన జయపురం మహారాజు విక్రమదేవవర్మగారి పేరు ధరించినది. తెలుగు, ఒడియా రెండింటా పండితుడైన ఆ ప్రభువు చేసిన దానం అటువంటిది.

ఇప్పుడు అసలు చికిత్సకు వద్దాము. ముందుగా పరీక్ష. గది మధ్య నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. 'టప్' అని తెగిపోతే గది మంచిది. వెనుక 'ట్ర్ర్ర్' అని తోక వినబడితే, ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతివలె తిరుగుతున్నదని అర్థం. ఒక గోడకు ఏదైనా మెత్తనిది తగిలిస్తే ఆ తోక తెగుతుంది.

రెండవది పెట్టెల స్థానం. రెంటినీ ఒకే బీరువా మీద పక్కపక్కన పెట్టేవారు కలరు. అది రెండెడ్లను ఒకే కాడి చివరన కట్టడం వంటిది. స్టీరియో అంటేనే రెండు చెవులకు రెండు వైపులనుంచి వచ్చే శబ్దం. వినేవారు, రెండు పెట్టెలు, ఈ మూడూ సమత్రిభుజం కావలెను. మా గదిలో పెట్టెలను ముందు గోడకు రెండున్నర అడుగుల ఇవతల, ప్రక్క గోడలకు రెండేసి అడుగుల దూరంలో పెట్టాము. వాటి మధ్య ఆరడుగులు. మా కుర్చీ వెనుక గోడకు నాలుగున్నర అడుగుల ముందు. అక్కడనుంచి ఒక్కొక్క పెట్టె ఇంచుమించు ఆరడుగులే. సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకరు మన చెవి ఎత్తున ఉండవలెను.

పెట్టెను మూలకు నెట్టితే ఏమౌతుందంటే, బొంగురు శబ్దాలు ఉబ్బిపోతవి. బిందెలో నీళ్ళు పడుతున్నప్పుడు ఖాళీ తగ్గినకొద్దీ స్వరం హెచ్చడం మన ఆడవారు రోజూ వినేదే. ప్రతి ఖాళీకి దానికి ఇష్టమైన స్వరం ఒకటి ఉంటుంది. గది కూడా ఒక పెద్ద బిందె. మా గది 12 అడుగుల పొడవుకు సెకండుకు 47 కంపనాల స్వరం, 10 అడుగుల వెడల్పుకు 56 కంపనాల స్వరం ఇష్టం. ఎత్తు కూడా 10 అడుగులే గనుక ఆ 56 రెట్టింపు పట్టు పట్టినది. పాటలో డోలు ఆ స్వరం మీదికి వచ్చినప్పుడల్లా గది 'బుమ్' అని మూలిగేది. పైగా ఆ మూలుగు గోడ పక్కన ఎక్కువ, సరిగా నడిమధ్య తక్కువ. అందుచేత వినేవారు గోడకు ఆనుకొని కూర్చోరాదు, నట్టనడుమ కూర్చోరాదు. కొత్త ఇల్లు కట్టుకొనేవారికి మా మనవి ఒక్కటే. పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగాగాని, ఒకదానికొకటి సరిగ్గా రెట్టింపుగాగాని పెట్టవద్దు. ఎత్తు 10 అడుగులైతే వెడల్పు పదకొండున్నర, పొడవు 14 పెట్టుకోండి. వాస్తుకు అడ్డం రాదు, చెవికి సుఖం.

మూడవది అద్దం పరీక్ష. మీరు వినే కుర్చీలో కూర్చోండి. మరొకరిని ప్రక్క గోడ వెంబడి ఒక అద్దం జరుపుకొంటూ పొమ్మనండి. అద్దంలో స్పీకరు పెట్టె మీకు ఎక్కడ కనబడితే, సరిగ్గా అక్కడ తగిలి శబ్దం మీ చెవికి వస్తున్నదన్నమాట. వెలుగుకు, శబ్దానికి ఈ విషయంలో న్యాయం ఒక్కటే. ఆ చోట సుద్దతో గుర్తుపెట్టి, అక్కడ మెత్తనిది కట్టండి. గోడ అంతా కప్పనక్కరలేదు.

ఏమి కట్టవలెను? గుడ్ల అట్టలు, థర్మోకోలు అతికించేవారు కలరు. వాటివల్ల గది అందం చెడడమేగాని ఒరిగేది చాలా స్వల్పం. పలుచని కర్టెను కూడా అంతే. శబ్దం దూది పోగుల మధ్య గాలిని కదిలించి, ఆ రాపిడిలో వేడిగా మారి అణగుతుంది. అందుకు మందం కావలెను. గోడను అంటిన గాలి కదలదు, గోడకు కొంచెం దూరాన ఉన్న గాలి కదులుతుంది. కనుక మెత్తను గోడకు నాలుగంగుళాలు ఎడంగా కడితే పని హెచ్చుతుంది. మేము నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల లోతు గల చెక్క చట్రాలు ఎనిమిది చేయించాము. వాటిలో ఏకిన దూది కూరి, పైన వదులు నేత గుడ్డ బిగించాము. రాయగడ వైపు పత్తికి లోటు లేదు గదా. గుడ్డకు పరీక్ష ఒకటి కలదు. నోటికి ఆనించి ఊదండి. ఊపిరి దాటితే శబ్దమూ దాటుతుంది. రెక్సిను పనికిరాదు. చట్రాలకు స్తోమత లేనివారు పాత బొంతలు నాలుగు మడతలు వేసి దండెం మీద వేలాడదీసినా మేలే. గాజు బీరువాకు బదులు పుస్తకాల బీరువా పెట్టండి. ఎగుడుదిగుడుగా సర్దిన పుస్తకాలు శబ్దాన్ని చెదరగొడతవి.

కొన్ని జాగ్రత్తలు. దీపం దగ్గర, పొయ్యి దగ్గర దూదిని, గడ్డిని ఉంచరాదు. ఎండుగడ్డి శబ్దం పీలుస్తుందిగాని ఎలుకలకు, నిప్పుకు ఆహ్వానం. మన కొండల వానలకు దూది చెమ్మగిల్లుతుంది. వేసవిలో ఒకసారి ఎండకు వేయవలెను. అలాగని గదిని మరీ మెత్తతో నింపితే పాట ప్రాణం పోయి, దుప్పటి ముసుగులో పాడినట్టుంటుంది. చట్రాలు ఒక్కొక్కటే కడుతూ వింటూ పోండి. చాలునని చెవి చెప్పిన చోట ఆగండి. రేకుల కప్పు ఇళ్ళవారు శ్రావణమాసంలో మాత్రం పాట కట్టిపెట్టి వానే వినవలెను. దానికి మందు మా దగ్గర లేదు.

ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చును. మన భాష సంగతి ఆలోచించండి. తెలుగు అజంత భాష. మాటలు అచ్చుతో ముగుస్తవి. అచ్చులు బలమైనవి, దీర్ఘంగా మోగుతవి. హల్లులు క్షణంలో పుట్టి క్షణంలో పోతవి, వాటిలో బలమూ తక్కువే. మోగే గదిలో ముందు మాట చివరి అచ్చు ఇంకా ఊగుతూ ఉండగానే తర్వాతి మాట మొదటి హల్లు వచ్చి దాని క్రింద పడి నలిగిపోతుంది. బడి, గడి, పడి, మడి, వడి – వీటికి తేడా మొదటి హల్లొక్కటే. అది పోతే మిగిలేది 'అడి' మాత్రమే! తెలుగు బాగా వచ్చినవారు సందర్భాన్నిబట్టి ఊహించుకొంటారు. వయస్సు మళ్ళినవారికి సన్నని శబ్దాలు వినే శక్తి ముందుగా తగ్గుతుంది గనుక వారికి కష్టం. పసివారికి ఊహించుకొనేటంత భాష ఇంకా రాలేదు గనుక వారికి మరీ కష్టం. అనగా, మ్రోత మోగే గది మొదట దూరం చేసేది ఇంట్లోని ముసలివారిని, పిల్లలను. మా అమ్మ "మాట తెలియడం లేదు" అన్నదన్నా, మనుమరాలు "ఏ భాష" అని అడిగినదన్నా కారణం ఇదే. ఆ బిడ్డకు తెలుగు రాకపోవడం కాదు, తెలుగు దాని చెవిదాకా చేరలేదు.

చట్రాలు కట్టిన సాయంకాలం ఆ క్యాసెట్టు మళ్ళీ వేశాము. నాన్నగారి మాట ఎదుట కూర్చుని చెప్పినట్టు వినబడినది. అంతకన్న వింత మరొకటి జరిగినది. మా గది నోరు మూసుకొన్న తర్వాత, క్యాసెట్టులో ఉన్న గది నోరు విప్పినది. వసారా ముందు కోడి కూత, పెంకుల మీద కాకి నడక, లోపలినుంచి ఎవరో గాజులు గలగలమనిపిస్తూ వచ్చి, "పద్యం అయ్యాక భోజనానికి రండి" అన్న పిలుపు. అమ్మ ఉలిక్కిపడి, "అది నేనే" అన్నది. పడగొట్టిన ఇల్లు కొంచెంసేపు ఆ గదిలో నిలబడినది. మనుమరాలు పద్యంలోని మాటలు రెండు పట్టుకొని, అర్థం అడిగినది. అమ్మ చెప్పినది. మేము ఏమీ మాట్లాడలేదు.

కాబట్టి, సభవారికి రెండు విన్నపాలు. మీ ఇళ్ళలో ఇనపపెట్టెల అడుగున పడి ఉన్న క్యాసెట్లను బయటకు తీయండి. చెమ్మకు, బూజుకు అవి ఎక్కువకాలం ఆగవు. ముసలివారి గొంతులను ఇప్పుడే పట్టి ఉంచండి. చేతిలో సెల్‌ఫోను ఉన్నది, అది చాలును. అయితే వారిని పరుపులు, బట్టలు ఉన్న పడకగదిలో కూర్చోబెట్టి, పంకా ఆపి, ఫోను దగ్గరగా పెట్టి రికార్డు చేయండి. ఒకసారి రికార్డులోకి ఎక్కిన మ్రోతను తర్వాత పూర్తిగా తుడిచివేయడం అయ్యే పని కాదు. రెండవది, మన సంఘం గది కూడా నాలుగు నున్నని గోడల గదే. పిల్లలు అక్కడే పద్యాలు నేర్చుకొంటున్నారు. దానికి ఒక డజను చట్రాలు కావలెను. చెక్క మేము ఇస్తాము. దూది ఒకరు, గుడ్డ ఒకరు, కుట్టుపని ఒకరు పూనుకొంటే, వచ్చే ఉగాదినాటి పంచాంగ శ్రవణం చివరి వరుసలోని మా అమ్మకు కూడా స్పష్టంగా వినబడుతుంది.